ఈనిడ్ రాసిన ‘ఆశ్చర్యకరంగా’

హన్నా ఓల్డ్‌రాయిడ్‌ను ఆశ్చర్యపరచినవాళ్ళు మర్క్‌డేల్‌లో ఎవరూ లేరు. యుద్ధం మొదలైందని రేడియోలో విన్నవాళ్ళు చెప్పినప్పుడు ఆమె అంట్లు తోముతూ “అనుకుంటూనే ఉన్నా” అంది. యుద్ధం అయిపోయిందన్నప్పుడూ అదే మాట. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడని పక్కింటావిడ చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తుకొస్తే, “పెట్టక ఏం చేస్తాడు, అంత డబ్బు తగలేశాక!” అని తలుపు వేసుకుంది. చిన్నప్పటి నుంచీ ఉన్నిమిల్లులో మగ్గాల రొద మధ్య పనిచేసి ఆమెకు చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసే మాట పట్టేది. అలా పట్టిన మాటల్లో కూడా ఆమెకు ముందే తెలియనిది ఒక్కటీ ఉండేది కాదు.

అలాంటి తల్లి కడుపున ఈనిడ్ పుట్టింది. ఈనిడ్‌కు అన్నీ ఆశ్చర్యమే. ప్రార్థన మందిరానికి ఎదురుగా ఆమెకు చిన్న ఊలు దుకాణం ఉండేది. ఎవరైనా వచ్చి వాన వెలిసిందని చెబితే చాలు, “అవునా! నిజంగానా!” అని కళ్ళు పెద్దవి చేసేది. ఆ కళ్ళ కోసమే జనం అక్కర్లేని ఊలు ఉండలు కూడా కొనుక్కుపోయేవారు. యాభై దాటినా, పెళ్ళి కాకపోయినా, తల్లితో రోజూ వాదించి రోజూ ఓడిపోయినా ఆ కళ్ళు మాత్రం చిన్నబోలేదు.

పదకొండేళ్ళప్పుడు ఈనిడ్ పట్నంలోని పెద్ద బడికి పరీక్ష రాసి నెగ్గింది. ఆ వీధిలో అంతకు ముందు ఎవరూ నెగ్గలేదు. కొండ దిగుతూ ఒక్క పరుగున ఇంటికొచ్చి రొప్పుతూ చెప్పింది. హన్నా దుప్పటి మడతపెడుతోంది. కూతురి పెదాల వంక చూసి, “అందులో ఆశ్చర్యమేముంది? ఆ కొస పట్టుకో” అంది. ఈనిడ్ కొస పట్టుకుంది. ఆ సంగతి ఆ తర్వాత చాలాకాలం మరిచిపోలేదు.

లోయలోని ఊళ్ళ సంగతులు వేసే వారపత్రిక ఒకటి శుక్రవారం శుక్రవారం వచ్చేది. మర్క్‌డేల్ కబుర్లు బడిపంతులు స్టాట్ గారు రాసేవారు. ఆయన రాతకు ఉప్పూ కారం ఉండేవి కావు. “మంగళవారం సమావేశం జరిగింది. టీ ఇచ్చారు.” అంతే. ఆయన సముద్రపు ఒడ్డున కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక పత్రికవాళ్ళు ఈనిడ్‌ను రాయమన్నారు. ఊరి కబుర్లన్నీ ఎలాగూ ఆమె దుకాణం మీదుగానే పోతాయి కదా అని.

ఈనిడ్ పొంగిపోయింది. ప్రతి సోమవారం సాయంత్రం వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి రాసేది. ఉత్త సంగతి రాస్తే జనానికి ఏం రుచిస్తుంది, దానికి కాస్త మనసు కలపాలి అనుకుంది. ఆమె మనసులో ఎప్పుడూ నిండుగా ఉండేది ఒక్కటే కాబట్టి, దాన్నే ప్రతి వాక్యానికీ ముందు పెట్టింది.

‘ఆశ్చర్యకరంగా, ప్రార్థన మందిరం గాయక బృందం శ్రుతి తప్పకుండా పాడింది.’

‘ఆశ్చర్యకరంగా, పాస్టర్ గారి ప్రసంగాన్ని అందరూ చివరి వరకు విన్నారు.’

‘ఆశ్చర్యకరంగా, ష్యా దంపతులు తమ యాభయ్యో పెళ్ళిరోజు జరుపుకున్నారు.’

ఆమె ఉద్దేశం ‘ఎంత బాగుందో చూశారా’ అని. ఊరు చదువుకున్నది ‘ఇంత మాత్రం వస్తుందని ఎవరనుకున్నారు’ అని. ష్యా గారి భార్య ఆ కాగితం ముందు పెట్టుకుని భర్తను చాలాసేపు ఎగాదిగా చూసిందట. అయినా ఎవరూ పైకి అనలేదు. పంటి బిగువున ఊరుకున్నారు. పాస్టర్ గారు మాత్రం ఒకరోజు దారిలో ఆపి, “చివరి వరకు విన్నారన్నావు, సంతోషం తల్లీ. ఆ ముందు మాట మాత్రం నాకు కాస్త నిద్ర పట్టనివ్వలేదు” అన్నారు. ఈనిడ్ “అవునా!” అని కళ్ళు పెద్దవి చేసింది.

ఆ సెప్టెంబరులో ఉల్లిగడ్డల పోటీ వచ్చింది.

మర్క్‌డేల్ ఉల్లిగడ్డలు కూరకు పనికొచ్చేవి కావు. పసిపిల్ల తలకాయంత పెంచుతారు. చలికాలం నడిమధ్య విత్తనం వేసి, దీపం పెట్టి, వెచ్చగా కప్పి, పాటలు కూడా పాడతారని పుకారు. ఆ పోటీలో ఏటేటా మొదటి బహుమతి క్లిఫర్డ్ గాంట్‌దే. రాతిగనిలో పనిచేసి మానేసిన మనిషి, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. మాట తక్కువ. రెండో బహుమతి ఏటేటా బొగ్గుల వ్యాపారి నార్మన్ డ్యూహర్స్ట్‌ది. అలా ఎన్నేళ్ళు గడిచాయంటే, నార్మన్ భార్య మేవిస్ రెండో బహుమతి కార్డులను చెంచాల అరలో కాగితాలకు బదులు పరిచేది.

ఆ యేడు నార్మన్ గెలిచాడు. తరాజు ముల్లు తన వైపు ఒరగడం చూసి అంత లావు మనిషీ ఏడ్చాడు. ఉల్లిగడ్డ కోయకుండానే కన్నీళ్ళు తెప్పించింది అని జనం నవ్వారు. క్లిఫర్డ్ వచ్చి చెయ్యి కలిపి, టోపీ పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు.

శుక్రవారం పత్రిక వచ్చింది. శనివారం పొద్దున్నే నార్మన్ ఊలు దుకాణంలోకి వచ్చాడు. చేతిలో మడిచిన పత్రిక. లోపల గాయక బృందాన్ని నడిపే ఇబట్‌సన్ గారి భార్య ముదురు నీలం ఊలు ఎంచుకుంటోంది. ఆమె ఎంచుకోవడం ఆపింది.

“ఈనిడ్, ఇది చదువు” అన్నాడు నార్మన్. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు.

“నేనే రాశాను కదా నార్మన్!”

“అయినా చదువు. పైకి చదువు.”

ఈనిడ్ చదివింది. “‘ఆశ్చర్యకరంగా, ఉల్లిగడ్డల పోటీలో మొదటి బహుమతి శ్రీ నార్మన్ డ్యూహర్స్ట్‌కు దక్కింది.’ బాగానే ఉంది కదా?”

“ఎవరికి ఆశ్చర్యం?”

“అంటే... అందరికీ. సంతోషంతో...”

“నాకు లేదు. మా మేవిస్‌కు లేదు. జనవరి నుంచి దానికి దుప్పటి కప్పాను, ఈనిడ్! కట్టుకున్నదానికి కూడా అంత శ్రద్ధగా కప్పలేదు. మరి ఆశ్చర్యపోయింది ఎవరంటా? ఉల్లిగడ్డా?”

“నేను ఆశ్చర్యపోయాను నార్మన్” అంది ఇబట్‌సన్ గారి భార్య. “ఉన్నమాటే చెప్పాలి కదా.”

“నువ్వు మధ్యలో దూరకు.”

“దూరకుండా ఎలా? మేం శ్రుతిలో పాడామని కూడా దీనికి ఆశ్చర్యమే అయింది. నలభయ్యేళ్ళుగా పాడుతున్నాం. మధ్యలో ఎన్నిసార్లు తప్పామో లెక్క చెప్పమను!”

ఈనిడ్ కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి, ఈసారి నీళ్ళతో. “నేను మెచ్చుకున్నాను కదా!”

“చూడు తల్లీ” అని నార్మన్ కాస్త తగ్గాడు. “మేవిస్ పటం కట్టించడానికి అద్దం కొనేసింది. పొయ్యి పైన గోడకు పెడదామంటోంది. ఇంటికొచ్చిన ప్రతివాడూ ముందు చదివేది ఆ మాటే. దాని మీద మరకేదైనా వేసుకోమంటావా?”

ఈనిడ్ వచ్చే వారం సరిచేస్తానని మాటిచ్చింది. మాట తప్పలేదు కూడా. ‘గతవారం ఉల్లిగడ్డల వార్తలో ‘ఆశ్చర్యకరంగా’ అన్న మాట పొరపాటున పడింది. శ్రీ డ్యూహర్స్ట్ గెలుపులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదని మనవి’ అని రాసింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడింది.

ఎందుకంటే ఆ యేడు తూకం వేసిన న్యాయనిర్ణేత ఎజ్రా లమ్. కొండకు అవతల ఊరివాడు, మేవిస్‌కు పినతల్లి కొడుకు. శుక్రవారం సాయంత్రానికి పబ్బులో అందరి నోటా ఒకటే మాట.

“ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదట, చదివావా?”

“ఎందుకు పడతాం? అన్న తూస్తుంటే చెల్లెలి మొగుడి ఉల్లిగడ్డ బరువు పెరగదూ!”

“ఈనిడ్ పైకి మెత్తగా ఉంటుంది గానీ, ఎంత నేర్పుగా పెట్టిందో చూడు!”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. ఎజ్రా లమ్ పోటీ కమిటీ అధ్యక్షుడికి ఫోన్ చేసి, ఇక చచ్చినా మర్క్‌డేల్ ఉల్లిగడ్డ ముట్టుకోనని అరిచాడు. మేవిస్ రోడ్డు దాటి అవతల పక్కన నడవసాగింది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. ఈనిడ్‌కు ఉల్లి చేసిన కీడు మాత్రం పగవాడు కూడా చేసి ఉండడు.

ప్రార్థన మందిరం పక్కనున్న ఆదివారబడి హాలులో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు మాంసం కొట్టు హొరేస్. ఈనిడ్‌ను పిలిపించారు. టీ, బిస్కెట్లు ఉంటాయని తెలిసి హన్నా కూడా కూతురి వెంట వచ్చి, అందరి పెదాలూ కనబడేలా ముందు వరుసలో కుర్చీ వేయించుకుంది.

“ఒక్క మాట మార్చేస్తే గొడవ తీరిపోతుంది” అన్నాడు హొరేస్. “ఏదైనా మంచి మాట చెప్పండి.”

“‘సంతోషకరంగా’ అనండి” అన్నారు పాస్టర్ గారు.

“క్లిఫర్డ్ ఓడినందుకా సంతోషం?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లిఫర్డ్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

“‘ఎట్టకేలకు’?” అంది ఇబట్‌సన్ గారి భార్య.

“అంటే ఇన్నేళ్ళూ మావాడు చేతకానివాడనా?” అని మేవిస్ లేచింది.

“‘న్యాయంగా’?”

“ఓహో, అంటే నిరుటి దాకా అన్యాయంగానా?” ఈసారి లేచింది క్లిఫర్డ్ చెల్లెలు.

“‘ఆసక్తికరంగా’ అంటే?”

అందరూ కాసేపు దాన్ని చప్పరించి చూశారు. నార్మన్ తల అడ్డంగా ఊపాడు. “దొంగ దొరికినప్పుడు పోలీసులు అనే మాట అది.”

టీ చల్లారిపోయింది. అప్పుడు హన్నా చేతిలోని బిస్కెట్ కింద పెట్టి, చెవిటివాళ్ళ గొంతుతో హాలంతా వినబడేలా అంది: “నాకైతే ఏం ఆశ్చర్యం లేదు. డ్యూహర్స్ట్‌ల తాత కూడా ఉల్లిపాదుకు బీరు పోసేవాడు. మా నాన్న కళ్ళారా చూశాడు.”

నార్మన్ ముఖం కందగడ్డలా అయింది. బీరు పోయడం నిబంధనలకు విరుద్ధమా కాదా అన్నది ఆ తర్వాత చర్చ. నిబంధనల్లో బీరు మాటే లేదని తేలింది. ఎరువుగా ఏది పోసినా ఎవరిష్టం వాళ్ళదని తీర్మానం అయ్యేసరికి, తామూ పోస్తామని ముగ్గురు ఒప్పుకున్నారు. ఈనిడ్ సంగతి చివర్లో తేల్చారు. ఇకమీదట పేరు, స్థానం, బరువు రాస్తే చాలు, ముందు మాటలు వద్దు.

ఆ సాయంత్రం ఈనిడ్ గిన్నెలు కడుగుతూ గొణిగింది. హన్నా భుజం పట్టి ఇటు తిప్పింది. “గోడతో ఏం చెబుతున్నావే? నా వైపు తిరిగి తిట్టు.”

“తిట్టడం లేదమ్మా. ఊళ్ళో అందరికీ ఆశ్చర్యం తప్పైపోయింది. నీకు మాత్రం పుట్టాక ఒక్కసారైనా రాలేదు. నేను ఆ పరీక్ష పాసైనప్పుడైనా!”

“ఏ పరీక్ష?”

“పెద్ద బడి పరీక్ష. ‘ఆశ్చర్యమేముంది’ అన్నావు. దుప్పటి కొస పట్టుకోమన్నావు.”

హన్నా ఆమె వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “అవునే. ఉంటే కదా? ఆశ్చర్యపోవాలంటే ముందు నిన్ను తక్కువ అనుకుని ఉండాలి. నేనెప్పుడనుకున్నాను? నువ్వు నెగ్గుతావని తెలిసే, ముందు వారమే బడికి బూట్లు కొనుక్కొచ్చి మంచం కింద పెట్టాను.”

ఈనిడ్‌కు ఆ బూట్లు గుర్తొచ్చాయి. నల్లవి. అవి ఎప్పుడు వచ్చాయో ఆమె ఏనాడూ ఆలోచించలేదు. చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

“రెండు సైజులు పెద్దవి అవి” అంది.

“కాళ్ళు పెరుగుతాయని తెలుసు. పెరగలేదూ?”

ఈనిడ్ నవ్వింది, ఏడ్చింది కూడా. హన్నా మిగిలిన గిన్నెలు తానే కడిగి, సరిగ్గా కడగలేదని మొదటివి కూడా మళ్ళీ కడిగింది.

ఆ చలికాలమంతా మర్క్‌డేల్ కబుర్లు స్టాట్ గారి కాలంలోలాగే వచ్చాయి. ‘గాయక బృందం పాడింది. టీ ఇచ్చారు.’ ఇక ఊరు చల్లబడాలి. కానీ మనుషుల తీరు వేరు. ముందుగా ఇబట్‌సన్ గారి భార్య వచ్చి, ఊలు అటూ ఇటూ నొక్కి చూసి, గొంతు తగ్గించింది. “క్రిస్మస్ పాటలకు పక్క ఊరి నుంచి కూడా వచ్చారు తెలుసా? ముందు ఏదైనా ఒక మాట వేయకూడదూ?”

“కమిటీ వద్దంది కదండీ.”

“చిన్నదే. ఎవరి కంటా పడనిది.”

ఆ తర్వాత రోడ్డు ఇవతలికి వచ్చి మేవిస్ మాట కలిపింది. మనవరాలు పుట్టింది, తొమ్మిది పౌనులు, తెల్ల ఊలు కావాలి. “ఉత్తగా ‘పుట్టింది’ అని వేస్తావా ఈనిడ్? పుట్టడం అందరూ పుడతారు.” ఈనిడ్‌కు ఏం చేయాలో తోచలేదు. ‘తొమ్మిది పౌనుల బరువుతో’ అని వేసింది. కమిటీ బరువు వేయవచ్చని ఒప్పుకుంది కదా. మేవిస్ పొంగిపోయి రెండు ఉండలు ఎక్కువ కొంది.

మళ్ళీ సెప్టెంబరు. ఈసారి న్యాయనిర్ణేత ఎవరికీ చుట్టం కాని మనిషి, దూరపు పట్నం నుంచి వచ్చాడు. ముల్లు క్లిఫర్డ్ వైపు ఒరిగింది. నార్మన్ రెండో స్థానానికి వెళ్ళాడు.

సోమవారం దుకాణం మూసే వేళకు క్లిఫర్డ్ గాంట్ లోపలికి వచ్చాడు. ఊలు దుకాణంలో అతను అడుగుపెట్టడం అదే మొదలు. టోపీ తీసి, సూదుల పెట్టెల మధ్య చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

“రాసేశావా అమ్మా?”

“ఇంకా లేదు క్లిఫర్డ్ గారూ. పేరు, స్థానం, బరువు. అంతేగా!”

“అంతే.” అతను తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. “ఆ మాట... నిరుడు నార్మన్‌కు వేశావే. అది నాకు వేస్తావా?”

ఈనిడ్ చేతిలోని తాళాలు బల్ల మీద పెట్టింది.

“ఇన్నేళ్ళూ గెలిచాను కదా” అన్నాడు క్లిఫర్డ్. అంత పొడుగు మాట అతని నోట ఊరు విని ఉండదు. “స్టాట్ గారు ఏం రాసేవారో గుర్తుందా? ‘యథాప్రకారం, గాంట్.’ ప్రతి ఏడూ అదే. నేనేదో వాన కురిసినట్టు. మా నెల్లీ ఉన్నన్నాళ్ళు, బహుమతి కప్పు పట్టుకుని ఇంటికెళితే ‘అబ్బ! నువ్వేనా!’ అనేది. నటించేదే అనుకో. ఉత్తుత్తిగానే ఆమె చేతిలో గరిట కింద పడేది. ఆమె పోయాక గెలిచినా గెలవనట్టే ఉంది. నార్మన్ ఆ మాట మీద అంత రభస చేస్తుంటే నాకు ఒకటే అనిపించింది. వద్దంటే నాకివ్వరాదా అని.”

ఈనిడ్ ఆ సాయంత్రం రాసింది. కమిటీ ఏమన్నా అననీ అనుకుంది. ‘ఆశ్చర్యకరంగా, ఉల్లిగడ్డల పోటీలో మొదటి బహుమతి శ్రీ క్లిఫర్డ్ గాంట్‌కు దక్కింది.’

శనివారం పొద్దున నార్మన్ పత్రిక మడిచి పట్టుకుని మళ్ళీ దుకాణంలోకి వచ్చాడు. ఈనిడ్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“ఈనిడ్” అన్నాడు నార్మన్, మొహం వెలిగిపోతూ. “క్లిఫర్డ్ గెలవడం ఆశ్చర్యమని రాశావు.”

“రాశాను.”

“అంటే గెలవాల్సింది నేనని కదా?”

ఈనిడ్ పట్టుకున్న బల్ల అంచు వదిలింది.

“పత్రికలోనే వేశావు! మేవిస్ ఇప్పుడే కత్తిరించింది. అద్దం నిరుటి నుంచీ ఖాళీగానే ఉంది.” అతను మేవిస్ కోసం అని చెప్పి ఏ రంగో చూసుకోకుండా ఒక ఉండ కొన్నాడు. అదే కత్తిరింపు క్లిఫర్డ్ ఇంట్లో నెల్లీ ఫొటో పక్కన కూడా ఉండేది. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. కొత్త న్యాయనిర్ణేత ఒక్కడే నొచ్చుకున్నాడట, తన తూకంలో ఆశ్చర్యమేమిటని. కానీ అతనిది దూరపు పట్నం.

ఆపై వసంతంలో హన్నా పోయింది. పొద్దున్నే వచ్చిన డాక్టరుతో అతని కోటు గుండీ ఊడబోతోందని చెప్పి, టీ పెట్టమని కూతుర్ని పంపింది. ఈనిడ్ కప్పుతో వచ్చేసరికి హన్నా ప్రాణంతో లేదు. డాక్టరు గుండీ మెట్ల మీద దొరికింది.

ప్రకటన ఇవ్వడానికి ఈనిడ్ పట్నంలో పత్రిక ఆఫీసుకు వెళ్ళింది. కిటికీ వెనక పిల్ల పెన్ను పట్టుకుని అడిగింది. “‘ప్రశాంతంగా’నా, ‘అకస్మాత్తుగా’నా?”

“ఏంటమ్మా?”

“చావు కబురు అలా మొదలవ్వాలండి. ఎక్కువమంది ప్రశాంతంగానే పోతారు. అకస్మాత్తుగా అయినా రేటు అదే.”

ఈనిడ్ ఆలోచించింది. ప్రశాంతంగా అంటే తల్లి ఒప్పుకోదు. అకస్మాత్తుగా అంటే అసలే ఒప్పుకోదు. “ఏదీ వద్దు. ‘హన్నా ఓల్డ్‌రాయిడ్, మర్క్‌డేల్, నేతగత్తె.’ అంతే వెయ్యి.”

“బోసిగా ఉంటుందండీ.”

“ఉండనీ.”

సమాధి అయ్యాక అందరూ ఆదివారబడి హాలుకు చేరారు. పంది తొడమాంసం, రొట్టె, టీ. ఇబట్‌సన్ గారి భార్య పాట రెండో చరణంలో శ్రుతి తప్పిందని తానే ఒప్పుకుంది. ఎవరూ కాదనలేదు. మధ్యాహ్నం దాటాక జనం పలచబడ్డారు. ఈనిడ్, మేవిస్ కప్పులు కడుగుతున్నారు. నార్మన్ ఒక కొస, క్లిఫర్డ్ ఒక కొస పట్టుకుని పొడవాటి బల్లను గోడవారకు మోస్తున్నారు. ఉల్లికి పొయ్యి మసి మంచిదా, గొర్రె పెంటికలు మంచివా అని వాళ్ళిద్దరి మధ్యా వాదన మొదలైంది. అది ముదిరి, బల్ల నడిమధ్యలో ఆగిపోయింది. ఇద్దరూ దాన్ని దించకుండా, మోయకుండా, చేతుల్లో పట్టుకునే అరుచుకుంటున్నారు.

“వాళ్ళకు బల్ల బరువు తెలియడం లేదనుకుంటా” అంది మేవిస్.

“ఇంకో కప్పు పెట్టనా వాళ్ళకి?” అంది ఈనిడ్, కెటిల్ అందుకుంటూ.